మిగులు తొంభై ఆరు

అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక మునిసిపల్ మైదానంలో, ఉదయం ఏడున్నర వేళ, గౌరీశ్వరి మోకాలి కింద పట్టీ చుట్టడానికి డాక్టర్ సుహాసిని మట్టిలో గొంతుక్కూర్చుంది.

“బిగించి కట్టండి మేడమ్. పోయినసారి వదులైపోనాదేమో,” అంది గౌరీశ్వరి.

నవ్వుతూనే అంది. అయినా సుహాసిని తలెత్తలేకపోయింది.

పోయినసారి అంటే నాలుగేళ్ళ కిందటి మాట. అప్పుడు గౌరీశ్వరి సప్తనగర మహిళా హాకీ లీగులో విశాఖ జట్టుకి కెప్టెన్. ముప్ఫై ఒకటో ఏడు నడుస్తోంది. సుహాసిని కనిపెట్టిన ఈ పట్టీ ఆ ఏడే లీగులోకి వచ్చింది. ప్రయోగశాలలో దాన్ని ముద్దుగా ‘చెవి’ అనేవారు. క్రీడాకారిణి పరిగెడుతున్నంతసేపూ కాలి ఎముక లోపల పుట్టే సన్నని చప్పుళ్ళను అది వింటుంది. విని, ఆ కాలు పెద్ద దెబ్బ తినేలోగా ఇంకా ఎన్ని మ్యాచ్‌లు ఆడగలదో ఒక అంకె చెబుతుంది. ఆ అంకెకి మిగులు అని పేరు పడింది. గౌరీశ్వరి మిగులు ఆరు అని వచ్చింది. వారం తిరక్కుండా జట్టు ఆమెను వదిలేసింది. ఆరు మ్యాచ్‌ల మనిషిని మరో జట్టు మాత్రం ఎందుకు తీసుకుంటుంది? ఆమె సొంతూరు వచ్చి బెల్లం మార్కెట్టులో కాటా దగ్గర పనికి కుదిరింది.

“ఇక్కడికొచ్చాక ఎన్ని ఆడావు?” అని అడిగింది సుహాసిని.

“రెండొందల పన్నెండు. మా పిల్లలు స్కోరు పుస్తకంలో రాసినారు, చూస్తారేటి? నేవీ వాళ్ళ మీద ఆడినాను, రైల్వే వాళ్ళ మీద ఆడినాను. ఆడాళ్ళ టీము దొరక్కపోతే మగపిల్లలతో కూడా ఆడినాను.”

“మధ్యలో కాలు నొప్పి గానీ...”

“ఒకసారి చీమ కుట్టింది.”

సుహాసిని ఈసారి నవ్వింది. లీగు కమిటీ ఆమె పరికరాన్ని మరో ఐదేళ్ళు ఉంచుకునే ముందు ఒక చిన్న దాఖలా అడిగింది. చెవి చెప్పిన అంకెలు నిజమయ్యాయని చూపించమంది. అప్పుడు గానీ సుహాసినికి తట్టలేదు. మిగులు పదికి లోపు వచ్చిన నలభై ఒక్కమందిని ఏ జట్టూ మళ్ళీ ఆడనివ్వలేదు. ఆడనివ్వకపోతే అంకె నిజమో అబద్ధమో తేలేదెలా? ఆ నలభై ఒక్కమందిలో ఆట మానని మనిషి ఎవరైనా ఉన్నారా అని వెతికితే, విశాఖకి గంట దూరంలోనే గౌరీశ్వరి దొరికింది.

ఇరవై నిమిషాలు మైదానం చుట్టూ పరిగెట్టించింది. ఆగమంది. చేతిలోని పలక మీద అంకె వెలిగింది.

ఐదు.

రెండొందల పన్నెండు మ్యాచ్‌లు ఆడిన కాలికి ఇంకా ఐదు మిగిలాయంటోంది యంత్రం. నాలుగేళ్ళ కింద ఆరు అన్నది కూడా ఇదే.

గౌరీశ్వరి గోడ నీడలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. టిఫిన్ డబ్బా తీసి చోడి అంబలి తాగుతోంది. పట్టీ ఇంకా కాలికే ఉంది. పట్టీ చప్పుడు వినడానికి చెవులకి పెట్టుకున్న ఇయర్‌ఫోన్లు తీయడం సుహాసిని మర్చిపోయింది. పలక మీది అంకెనే చూస్తూ నిలబడింది. అప్పుడు వినిపించింది. టిక్... టిక్ టిక్... టిక్.

కూర్చున్న కాలు. బరువు మోయని కాలు.

సుహాసిని మొదట ఓడల మనిషి. విశాఖలో నౌకలు కట్టేచోట పదకొండేళ్ళు పనిచేసింది. ఓడ పొట్ట మీద పరికరాలు అతికించి, బరువెక్కించి, లోపల కంటికి కనిపించని పగుళ్ళు పెరిగేటప్పుడు చేసే చప్పుడు వినడం ఆమె విద్య. బరువు పెట్టినప్పుడు పగులు మాట్లాడుతుంది. బరువు దించేస్తే నోరు మూసుకుంటుంది. ఆ విద్యనే ఎముకకి తెచ్చింది. పరుగెత్తించి విన్నది. పరుగు ఆగగానే పట్టీ విప్పేసింది. నాలుగేళ్ళుగా ఆరొందల మంది కాళ్ళకి అదే పద్ధతి.

ఈ కాలు విశ్రాంతిలో మాట్లాడుతోంది. అది పగులు కాదు. మరేమిటి?

ఇనుము తనను తాను బాగుచేసుకోదు. ఎముక బాగుచేసుకుంటుంది. పాతది తవ్వి, కొత్తది పోసి, రాత్రీ పగలూ పని జరుగుతూనే ఉంటుంది. గట్టి పనివాళ్ళున్న చోట చప్పుడు ఎక్కువ. ఆ చప్పుడునే తాను ఇన్నాళ్ళూ పగులు కింద జమకట్టి గౌరీశ్వరిని ఇంటికి పంపించింది.

“ఏటైంది మేడమ్? మొహం అలగైపోనాదేటి?” అంది గౌరీశ్వరి, డబ్బా మూత పెడుతూ.

“ఒక్క గంట అలాగే కూర్చుంటావా గౌరీ? కదలకుండా?”

“గంటేటి, మీరు బండి పెట్టి మార్కెట్టులో దింపుతానంటే రెండు గంటలు కూర్చుంటాను.”

గంట సేపూ చప్పుడు ఆగలేదు.

*

మర్నాడు ఆదివారం. పెదవాల్తేరులో సుహాసిని ఇంట్లో వంజరం పులుసు. మొగుడు సూరిబాబు పోర్టులో క్రేన్ నడుపుతాడు. ఆ రోజు సెలవు పెట్టి మరీ చేపలు తానే తెచ్చాడు. కారణం, చెల్లెలు నూకరత్నం ఇంటికి భోజనానికి వస్తోంది.

రత్నం అందరికీ విశాఖ జట్టు కెప్టెన్. పెనాల్టీ కార్నర్ దొరికితే ఆమె కొట్టే డ్రాగ్ ఫ్లిక్ కంటికి ఆనదు, గోలు వెనక పలక మోత మాత్రం వినిపిస్తుంది. సుహాసినికి మాత్రం తొమ్మిదో ఏట తల్లి పోతే తాను జడలు వేసి బడికి పంపిన పిల్ల. హాకీ స్టిక్కు మొదట కొనిచ్చింది కూడా ఈ వదినే.

“అన్నియ్యా, చూసినావా?” అంటూ రత్నం ఫోను బల్ల మీద పెట్టింది. “కటక్ వాళ్ళు నా కోసం ముగ్గుర్ని ఇచ్చి, పైన నాలుగు కోట్లు ఇస్తారంట. లీగు పుట్టాక డిఫెండరుకి ఇంత రేటు ఎవరికీ రాలేదంట.”

“మరి మిగులు తొంభై ఆరంటే మాటలేటి? ఏడు ఊళ్ళలో ఇంకోళ్ళకి ఎనభై దాటలేదు,” అన్నాడు సూరిబాబు. ఆ అంకె చెప్పేటప్పుడు అతని ఛాతీ కాస్త ముందుకొచ్చింది. పోర్టులో ఆ అంకె తెలియని మనిషి లేడు. టీ కొట్టువాడు కూడా అతన్ని ‘తొంభై ఆరు గారి అన్నియ్య’ అంటాడు.

సీజను సగంలో ఒక రోజు వస్తుంది. ఆ రోజు సాయంత్రం ఐదు వరకే జట్లు ఆటగాళ్ళను కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు. ఐదు దాటితే ఆఖరి మ్యాచ్ దాకా ఎవరి జట్టు వారిదే. ఈసారి గడువు వచ్చే శుక్రవారం. ఏడు జట్లూ చెవి చెప్పిన అంకెలు పట్టుకునే బేరాలు చేస్తాయి. ఆట చూసి బేరం చేసే రోజులు పోయాయి.

“వదినా, నువ్వేటి మాటాడవు? నీ చెవి వల్లే కదా నాకీ రేటు.”

సుహాసిని ఆమె పళ్ళెంలో ఇంకో ముక్క వేసింది. “రేపు ఒకసారి ల్యాబుకి రా అమ్మా. ఇంకో పరీక్ష ఉంది.”

“మళ్ళీ పరిగెట్టాలా?”

“పరిగెట్టాక పడుకోవాలి. గంటసేపు.”

“పడుకోడానికి పరీక్షా! అదేదో బాగుంది,” అని రత్నం పకపకా నవ్వింది.

*

సోమవారం రత్నం ఇరవై నిమిషాలు పరుగు యంత్రం మీద పరిగెట్టింది. తరవాత మంచం మీద పడుకుని ఐదు నిమిషాల్లో నిద్రపోయింది. సుహాసిని పక్కనే కుర్చీలో కూర్చుని వింటోంది.

చప్పుడు లేదు.

పది నిమిషాలు, ఇరవై, గంట. ఒక్క టిక్కు లేదు. కడుతున్న ఇంటి దగ్గరికి వెళ్తే మేస్త్రీలూ కూలీలూ ఎవరూ రాని రోజులా ఉంది. పరికరం పాడైందేమోనని తన కాలికి కట్టుకుని చూసుకుంది. నలభై ఆరేళ్ళ తన ఎముకే ఎంతో కొంత చప్పుడు చేస్తోంది. ఇరవై ఆరేళ్ళ రత్నం ఎముక మౌనంగా ఉంది. ఆ మౌనాన్నే యంత్రం ఆరోగ్యం అనుకుని తొంభై ఆరు వేసింది.

ఆ మధ్యాహ్నమే స్కానింగ్‌కి తీసుకెళ్ళింది. కుడి ముంగాలి ఎముకలో వెంట్రుకంత చీలిక, పరుగులో కూడా యంత్రానికి వినపడనంత సన్నది. డాక్టరు దాని మీద పెన్ను మొన పెట్టి చూపించాడు. “ఇది ఇవాళ్టిది కాదు. చాలా రోజులుగా మానకుండా ఉంది. ఈ కాలితో ఆడుతూ పోతే ఏదో ఒక రోజు మైదానంలోనే విరుగుతుంది. అలా విరిగితే మళ్ళీ ఈ స్థాయిలో ఆడడం కష్టం.”

“ఇప్పుడు ఆపితే?” అంది సుహాసిని.

“ఆర్నెల్లు ఆపితే మానుతుంది. మందులు, తిండి, మెల్లగా బరువు. వయసుంది కదా.”

కారులో తిరిగొస్తుంటే రత్నం బీచ్ రోడ్డు మీద బండి ఆపించింది.

“గౌరక్కకి ఆరు అని చెప్పిన రోజు నాకు గుర్తుంది వదినా. డ్రెస్సింగ్ రూములో షూ లేసులు విప్పుతా ఉంది. ఆ లేసులు విప్పడం అయ్యేలోగా మేనేజరు నన్ను బయటికి పిలిచి కెప్టెన్ నువ్వే అన్నాడు. నేను ఎగిరి గంతేసినాను. ఆ అక్క నాకు స్టిక్కు ఎలా పట్టుకోవాలో నేర్పింది. అయినా గంతేసినాను. ఎందుకంటే ఆరు అంటే ఆరే అనుకున్నాను. నువ్వు చెప్పినావు కాబట్టి.”

“తప్పు నాదే రత్నం.”

“మరి నా తొంభై ఆరు?”

“అదీ తప్పే.”

“అయితే నాకెంత? అసలు అంకె ఎంత?”

“నాకు తెలియదు.”

రత్నం తలుపు తీసుకుని దిగిపోయింది. సుహాసిని పిలిచినా వెనక్కి చూడలేదు. ఆటో ఆపి ఎక్కేసింది.

*

శుక్రవారం దాకా ఆ మూడు రోజులూ సుహాసిని ఇంట్లో అన్నం సరిగ్గా తినలేదు, ల్యాబులో కుర్చీలో సరిగ్గా కూర్చోలేదు. నలభై ఒక్కమంది జాబితా ముందు పెట్టుకుని ఫోన్లు చేసింది. కొందరు ఎత్తలేదు. ఒకామె ఎత్తి, పేరు వినగానే పెట్టేసింది. పదకొండుమంది వచ్చారు. విజయనగరం నుంచి, రాజమండ్రి నుంచి, ఒకరు రూర్కెలా నుంచి రైల్లో. ఒక్కొక్కరినీ పరిగెట్టించి, పడుకోబెట్టి విన్నది. తొమ్మిదిమంది కాళ్ళు విశ్రాంతిలో గలగలా మాట్లాడాయి. ఇద్దరివి మాత్రం నిజంగానే పగిలిన కాళ్ళు. యంత్రం ప్రతిసారీ తప్పు చెప్పలేదు. అదే సుహాసినిని ఎక్కువ బాధపెట్టింది. పూర్తిగా తప్పయితే ఎవరో ఒకరు ముందే పట్టుకుని ఉండేవారు.

శుక్రవారం ఉదయం పదింటికి ఆ కాగితాలు తీసుకుని జట్టు మేనేజరు భూపతిరాజు గారి గదికి వెళ్ళింది. ఆయన చెడ్డమనిషి కాదు. ఆటగాళ్ళ ఇళ్ళలో పెళ్ళిళ్ళకి వెళ్తాడు, దెబ్బ తగిలితే ఆసుపత్రిలో కూర్చుంటాడు. కాగితాలన్నీ ఓపిగ్గా చదివాడు. అందులో రత్నం స్కానింగ్ లేదు.

“మీరు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు డాక్టరు గారూ. సోమవారం కమిటీకి రాద్దాం.”

“ఇవాళ సాయంత్రం ఏడు జట్లూ నా అంకెలు చూసి బేరాలు చేస్తాయి. పధ్నాలుగుమందిని వదిలేస్తున్నారని విన్నాను. వాళ్ళ మిగులు తక్కువని.”

“నేను అబద్ధం చెప్పమనట్లేదమ్మా. ఐదు దాటాక చెప్పమంటున్నాను. కటక్ బేరం ముగిస్తే మనకి ముగ్గురు మంచి పిల్లలొస్తారు. నిజం ఒక పూట ఆలస్యమైతే పాడైపోదు కదా?”

“ఆ పూటలోనే ఒక మనిషి కాలు అమ్ముడుపోతుంది.”

భూపతిరాజు ఆమె మొహంలోకి చూశాడు. ఆయనకి అర్థమైంది. ఎవరి కాలని అడగలేదు. అడిగితే తెలుస్తుంది, తెలిస్తే అమ్మలేడు.

“ఒకటి ఆలోచించుకోండి,” అన్నాడు నెమ్మదిగా. “మీరు ఇవాళ నోరు విప్పితే మీ ల్యాబు రేపు ఉండదు. మీ ఇంటి పిల్లకి లీగులో అందరికంటే పెద్ద రేటు వచ్చింది. అదీ ఉండదు. రేపు ఆ పిల్ల మిమ్మల్ని అడిగితే ఏం చెబుతారు?”

“అడిగేసింది,” అంది సుహాసిని లేస్తూ.

*

గడువు రోజు బేరాలు జరిగేది రుషికొండ దగ్గర ఒక హోటల్లో. పెద్ద హాలు, ఏడు జట్లకి ఏడు బల్లలు, ఎదురుగా గోడంత తెర. తెర మీద ఆటగాళ్ళ పేర్లూ, పక్కన మిగులూ, ఆ పక్కన ధరా. అన్నిటికంటే పైన ఉన్న పేరు బోనెల నూకరత్నం. 96.

సుహాసిని నాలుగున్నరకి లోపలికి వచ్చేసరికి హాలు కందిరీగల పట్టులా ఉంది. చెవులకి ఫోన్లు, చేతుల్లో కాగితాలు. ఆమెను చూసి నలుగురైదుగురు లేచి నమస్కారం పెట్టారు. ఈ హాలులో అందరికంటే గౌరవం ఆమెదే. అంకె ఆమె ఇస్తేనే ధర పుడుతుంది. ఆ గౌరవం ఇంకో ఐదు నిమిషాల్లో పోతుందని తెలిసి కూడా ఆమె అందరికీ తిరిగి నమస్కరించింది.

వేదిక ఎక్కి మైకు తీసుకుంది.

“నేను ఓడల్లో పగుళ్ళు వినడం నేర్చుకున్నదాన్ని,” అంది. “మనిషి ఎముకని కూడా ఇనుములాగే విన్నాను. అక్కడ పొరపాటు చేశాను. ఎముక తనను తాను కట్టుకునేటప్పుడు చేసే చప్పుడుని పగులు అనుకున్నాను. అలా నలభై ఒక్కమంది ఆట మాన్పించాను. అందులో పదిమంది కాళ్ళు బాగున్నాయని ఈ వారం నేనే పరీక్షించి చూశాను. మిగతావాళ్ళను ఇంకా చూడాలి. తెర మీద ఉన్న ఏ అంకెనూ నమ్మకండి. వాటిని నేను వెనక్కి తీసుకుంటున్నాను.”

హాలులో అందరూ ఒకేసారి మాట్లాడారు. ఎవరో “నాలుగేళ్ళు నిద్రపోయారా?” అని అరిచారు. ముందు వరసలో ఉన్న విలేకరి లేచాడు.

“మీ ఆడపడుచు తొంభై ఆరు కూడా తప్పేనా?”

“ఆ అంకె కూడా నమ్మదగ్గది కాదు. అంతకుమించి ఆమె సంగతి చెప్పే హక్కు నాకు లేదు.”

“నాకుంది,” అన్న మాట వెనక నుంచి వినిపించింది.

రత్నం. జట్టు జెర్సీలోనే ఉంది. పక్కన గౌరీశ్వరి. చీర కొంగు నడుముకి దోపుకుని, మార్కెట్టు నుంచి తిన్నగా వచ్చినట్టుంది. రత్నం బల్లల మధ్య నుంచి నడుచుకుంటూ కటక్ బల్ల దగ్గరికి వెళ్ళింది. అక్కడ కూర్చున్నది ఆ జట్టు కోచ్ మినతి మహాపాత్ర. చిన్నప్పుడు విశాఖలో రైల్వే జట్టుకి ఆడిన మనిషి, తెలుగు బాగానే వస్తుంది.

రత్నం చేతిలోని స్కానింగ్ కవరు ఆమె ముందు పెట్టింది.

“మేడమ్, ఇది నా కుడికాలు. చీలిక ఉంది. మా వదిన యంత్రానికి కనబడలేదు, డాక్టరుకి కనబడింది. మీరు కొనేది ఇదే. చూసుకుని కొనండి.”

సుహాసిని వేదిక మీంచే చూస్తోంది. జడలు వేసేటప్పుడు నొప్పెడితే ఏడవకుండా పళ్ళు బిగించుకునే పిల్ల అక్కడ నిలబడి ఉంది. ఇంత పెద్ద ధరను తన చేత్తో తానే తీసి బల్ల మీద పెట్టేస్తోంది. ఈ పిల్లకి నేను స్టిక్కు కొనిచ్చాను, ఇది మాత్రం నేను నేర్పింది కాదు అనుకుంది సుహాసిని. ఆ వారంలో మొదటిసారి ఆమె వీపు నిటారుగా నిలిచింది.

మినతి కవరు తెరిచి వెలుగుకి పెట్టి చూసింది. మళ్ళీ జాగ్రత్తగా లోపల పెట్టి రత్నం చేతికిచ్చింది.

“ఇవాళ కొనను,” అంది. “కాలు మానాక నాకు ఫోన్ చెయ్యి. అప్పుడు ధర నువ్వు చెప్పు, నేను వింటాను.”

తరవాత ఆమె గౌరీశ్వరి వైపు తిరిగింది. “నువ్వు గౌరీశ్వరివి కదూ? కటక్‌లో సెమీఫైనల్లో మమ్మల్ని ఒక్కదానివే ఆపేశావు. నీ మోకాలు పోయిందన్నారు.”

“ఎక్కడికీ పోలేదండి. అనకాపల్లిలోనే ఉంది,” అంది గౌరీశ్వరి.

తెర మీద పేర్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఎవరి దగ్గరా అంకె లేదు. అంకె లేకుండా ధర కట్టడం ఆ హాలులో చాలామంది మర్చిపోయారు. ఐదు గంటలకి గడువు ముగిసిందని గంట మోగింది. లీగు మొదలయ్యాక ఒక్క బేరం కూడా కాని గడువు రోజు అదొక్కటే. వదిలేయాలనుకున్న పధ్నాలుగుమందీ వాళ్ళ వాళ్ళ జట్లలోనే ఉండిపోయారు.

బయట మెట్ల మీద రత్నం వదిన పక్కన వచ్చి కూర్చుంది.

“మూడు రోజులూ అనకాపల్లిలోనే ఉన్నాను,” అంది. “గౌరక్క ఇంట్లో. నిన్న ఆ అక్క ఆట చూసినాను వదినా. మన లీగులో సగం మందికి అలా ఆడ్డం రాదు. క్షమించక్కా అంటే ఏటందో తెలుసా? ముందు కాలు చూపించుకో, ఏడుపు తరవాత అంది.”

“నా మీద కోపం పోయిందా?”

“ఉంది. కానీ ఇవాళ మైకు పట్టుకుని నిలబడ్డావు చూడు, అన్నియ్య టీవీలో చూసి ఫోన్ చేసినాడు. పోర్టులో అందరికీ చెప్పుకుంటన్నాడంట, అది మా ఆవిడ అని.”

*

భూపతిరాజు చెప్పినట్టే ల్యాబు పోయింది. క్లబ్బు వాళ్ళు వారంలో గది ఖాళీ చేయించారు. పత్రికల్లో సుహాసినిని లీగును ముంచిన డాక్టరు అన్నవాళ్ళూ ఉన్నారు. ఆమె నౌకలు కట్టేచోటికి మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళింది. సాయంత్రాలు ఇంట్లో కూర్చుని నలభై ఒక్కమందికీ స్వహస్తాలతో ఉత్తరాలు రాసింది. ఏమైందో, ఎలా పొరపాటు పడిందో, ఎవరి తప్పో. ఒకామె ఆ ఉత్తరాన్ని చింపి అదే కవరులో తిరిగి పంపింది. సుహాసిని ఆ ముక్కల్ని పారేయలేదు. సొరుగులో పెట్టుకుంది.

రత్నం ఆర్నెల్లు స్టిక్కు ముట్టలేదు. మొదటి రెండు నెలలూ చంకల కింద కర్రలతో తిరిగింది. ఆ సీజను ఆఖర్న విశాఖ జట్టు ఐదో స్థానంలో వచ్చింది. ఎవరూ ఆమెను నిందించలేదు, కొందరు తప్ప.

లీగు కమిటీ నాలుగు నెలలు తర్జనభర్జన పడి, చివరికి ఒక పని మాత్రం ఒప్పుకుంది. ఆ నలభై ఒక్కమందికీ మళ్ళీ అవకాశం ఇవ్వడానికి విశాఖ స్టేడియంలో రెండు రోజుల ఎంపిక పోటీలు పెట్టింది. అంకెలు లేవు. ఏడు జట్ల కోచ్‌లూ కళ్ళతో చూసి ఎంచుకోవాలి.

ఇరవై ఆరుగురు వచ్చారు. సుహాసిని స్టేడియం గేటు దగ్గర నిలబడి, లోపలికి వెళ్ళే ప్రతి ఒక్కరికీ పేరు పెట్టి నమస్కారం చెప్పింది. కొందరు చెయ్యి పట్టుకున్నారు. కొందరు చూడనట్టు వెళ్ళిపోయారు. రెండూ తనకి తగినవే అనుకుంది.

గౌరీశ్వరి మొదటి రోజే మెరిసింది. ఆమె బంతి అందుకుంటే ఎదుటివాళ్ళు పక్కకి తప్పుకునేవారు. మధ్యాహ్నం భూపతిరాజు స్వయంగా వచ్చి, విశాఖకే రావాలి, ధర ఎంతో నువ్వే చెప్పు అన్నాడు.

“ధర మీ ఇష్టం,” అంది గౌరీశ్వరి. “మ్యాచ్‌కి ఎన్ని నిమిషాలు ఆడిస్తారో అది చెప్పండి.”

రెండో రోజు మధ్యాహ్నం, అందరి ఆటా అయిపోవస్తుండగా, గేటు దగ్గరికి ఒకామె వచ్చింది. నేత చీర, చేతిలో సంచీ. ముప్ఫై మూడేళ్ళుంటాయేమో. సుహాసిని గుర్తుపట్టింది. మస్తానమ్మ. కావలి పిల్ల. హైదరాబాద్ జట్టులో లెఫ్ట్ వింగ్, జెర్సీ పదిహేడు. మిగులు నాలుగు.

“మస్తానమ్మా, రా. ఇంకా సమయం ఉంది. బట్టలు మార్చుకో.”

“నేను ఆడేదానికి రాలేదు మేడమ్,” అంది మస్తానమ్మ. “నాలుగేళ్ళయింది స్టిక్కు పట్టి. టిఫిన్ అంగడి పెట్టుకోనుండా. బాగా జరగతా ఉంది. నాకింక ఆట రాదు.”

“మరి?”

ఆమె సంచీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. “మా ఊళ్ళో అందరూ నా కాలు చచ్చుబడిందనుకుంటా ఉండారు. నేనూ అట్నే అనుకున్నా. నాలుగేళ్ళు మెట్లు కూడా మెల్లగా ఎక్కినా, యాడ విరిగిపోద్దో అని. మీ ఉత్తరం వచ్చినాక పరీక్ష చేయించుకున్నా. ఏమీ లేదంట. ఒక్కసారి మైకులో నా పేరు పిలవండి మేడమ్. చాలు. పిలిస్తే నేను లోపలికి పోయొస్తా.”

సుహాసిని సంచీ అందుకుని, మస్తానమ్మను గ్రౌండు అంచు దాకా తీసుకెళ్ళింది. మైకు దగ్గర కూర్చున్నది రత్నం. ఇంకా ఆడకూడదు కాబట్టి రెండు రోజులుగా పేర్లు పిలిచే పని ఆమెది. సుహాసిని ఆమె చెవిలో రెండు ముక్కలు చెప్పింది. రత్నం కుర్చీలోంచి లేచి నిలబడింది. మిగతావాళ్ళ పేర్లన్నీ ఆమె కూర్చునే పిలిచింది.

“పదిహేడో నంబరు,” అంది మైకులో. “లెఫ్ట్ వింగ్. కావలి... షేక్ మస్తానమ్మ!”

మస్తానమ్మ చెప్పులు విడిచి గీత పక్కన పెట్టింది. కుచ్చిళ్ళు పైకి దోపుకుంది. గీత దాటి టర్ఫ్ మీద అడుగుపెట్టి మొదట మెల్లగా నడిచింది, అడుగు ఎక్కడ వేస్తున్నానా అని చూసుకుంటూ. మైదానంలో ఉన్న ఇరవై ఆరుగురూ ఆట ఆపేశారు. గౌరీశ్వరి తన స్టిక్కుతో నేలను ఒకసారి కొట్టింది. పక్కనున్న పిల్ల కొట్టింది. తరవాత అందరూ కొట్టారు.

మైదానం సగం దాటాక మస్తానమ్మ నడవలేదు. పరిగెత్తింది. ఎడమ అంచు పట్టుకుని, లెఫ్ట్ వింగ్ పరిగెత్తే దారినే, చీర మోకాళ్ళకి చుట్టుకుంటున్నా ఆగకుండా, ఆ చివరి గోలు దాకా.